వేలిముద్ర కుదరని రోజు

నేను రిటైరైన వారానికి మా బంధువుల ఇంట్లో ఒక నామకరణం. అక్కడ మా చిన్నమ్మ కొడుకు నలుగురిలో అడిగినాడు. "అన్నా, నువ్వేందో లైబ్రరీ కట్టినావంట గదా. యాడుండాది? తాడిపత్రిలోనా, అనంతపురంలోనా? మా పిల్లోళ్లను పంపిస్తా, సెలవుల్లో చదువుకుంటారు."

అది పుస్తకాల లైబ్రరీ కాదప్పా, కంప్యూటర్ ప్రోగ్రాములు వాడుకునేది అన్నాను.

వాడు కొంచెంసేపు ఆలోచించినాడు. "అంటే బిల్డింగు లేదా?"

లేదన్నాను.

"కుర్చీలు?"

అవీ లేవన్నాను.

"మరింగ ఏం కట్టినావప్పా," అని వాడు భోజనానికి లేచిపోయినాడు.

వాడికి చెప్పలేకపోయింది, ఇప్పుడిప్పుడే కంప్యూటర్ ఉద్యోగాల్లోకి వస్తున్న మీకైనా చెబుదామని కూర్చున్నాను. ఒకచోట ఉన్న ఫైలును దూరంగా ఉన్న ఇంకో కంప్యూటరుకు దారిలో ఎవరి కంటా పడకుండా, ముక్క కూడా పోకుండా కాపీ చేసే పని మాది. ఆ పనిని ఏ ప్రోగ్రామైనా పిలిచి చేయించుకునేట్టు కట్టిపెట్టిన కోడు మా లైబ్రరీ. వినడానికి ఇంతే. దీన్ని కట్టడంలో నేను చేసిన తప్పులు, పడిన సిగ్గు, దాని తర్వాత కలిగిన సంతోషం నా ముప్పై ఏళ్ల ఉద్యోగంలో ఇంకెక్కడా లేవు.

నేను పనిచేసింది అనంతపురంలో ఒక కంటి ఆసుపత్రిలో. నా హోదా 'సిస్టమ్స్ ఇన్‌చార్జి'. అంటే ప్రింటరులో కాగితం ఇరుక్కున్నా నన్నే పిలుస్తారు, వెయిటింగ్ హాల్లో ఫ్యాను ఆగినా నన్నే పిలుస్తారు. మా ఆసుపత్రికి గార్లదిన్నె, తాడిపత్రి, పుట్టపర్తి మూడు ఊర్లలో చిన్న సెంటర్లు ఉండేవి. ఒక్కో సెంటర్లో ఒక కెమెరా, ఒక కంప్యూటరు, నడిపే మనుషులు ఒకరిద్దరు. ఆ కెమెరా కంటి లోపల వెనకవైపు ఉండే పొరను ఫోటో తీస్తుంది. షుగరు ఉన్నవాళ్లకు ఆ పొర మీద నెత్తురు చుక్కలు పడతాయి. నొప్పి ఉండదు, కాబట్టి చూపు మసకబారే దాకా మనిషికి తెలియదు. సెంటర్లో తీసిన ఫోటో అనంతపురంలో మా పెద్ద డాక్టరమ్మ చూసి, ఎవరు వెంటనే రావాలో, ఎవరు కూలి పోగొట్టుకుని రానక్కర్లేదో చెప్పేది.

మొదట్లో ఆ ఫోటోలను ఫోన్ గ్రూపులో పెట్టేవాళ్లు. పేరు, వయసు, జబ్బు, అన్నీ కిందనే రాసేవాళ్లు. ఎవరికీ అందులో తప్పు కనిపించలేదు. ఒకరోజు పుట్టపర్తిలో బట్టలు కుట్టే ఒకావిడ నేరుగా అనంతపురం వచ్చి నా టేబులు ముందర నిలబడింది. ఎవరి ఫోన్లో నుంచి ఎవరి ఫోన్లోకి పోయిందో ఏమో, ఆమె ఫోటో వాళ్ల వీధి దాకా చేరింది.

"నా కంట్లో ఏముండాదో నాకంటే ముందు మా వీధంతా చూసినారు సార్," అన్నది ఆమె. గట్టిగా కూడా అనలేదు. "చూపు తగ్గిందంట గదా, జాకెట్లు యాడ కుడతావులే అని ఇద్దరు గుడ్డలు వెనక్కి తీసుకపోయినారు."

నేను క్షమాపణ చెప్పినాను. ఆమె ఒప్పుకుంది, నా మనసు ఒప్పుకోలేదు. ఆ సాయంత్రమే గ్రూపు తీసేయించి, ఫోటోలు భద్రంగా పంపే ప్రోగ్రాం నేనే రాస్తానని పెద్ద డాక్టరమ్మకు చెప్పినాను. భద్రంగా కాపీ చేసే కమాండులు అప్పటికే ప్రపంచంలో ఉన్నాయి. కానీ సెంటర్లో ఉండేవాళ్లు కమాండులు కొట్టరు. కెమెరా ప్రోగ్రాంలో ఒక బటన్ నొక్కితే మిగతాదంతా లోపలే జరిగిపోవాలి. పైగా మా నెట్ లైన్ల సంగతి మీకు తెలియదు. గాలి గట్టిగా వీస్తే పోయేవి, కరెంటు పోతే పోయేవి, ఒక్కోసారి ఎందుకు పోయినాయో వాటికే తెలియకుండా పోయేవి. అందుకే లైబ్రరీ.

మూడు నెలలు రాసినాను. నడిచింది. నాకు నేనే శానా గొప్పగా కనిపించినాను.

ఆ గొప్ప నెల రోజులు కూడా నిలవలేదు. తాడిపత్రి నుంచి వచ్చిన ఒక ఫోటో తెరిస్తే పైసగం కన్ను, కిందిసగం బూడిద రంగు. నా ప్రోగ్రాం మాత్రం 'చేరింది' అని పచ్చగుర్తు పెట్టింది. ఆ పచ్చగుర్తు చూసి అక్కడ పేషెంటును ఇంటికి పంపేసినారు. ముసలాయన రెండోసారి ఎండలో రావాల్సి వచ్చింది. అట్లాంటివి వారంలో నాలుగు జరిగినాయి.

తాడిపత్రి సెంటరు నడిపేది ఒక నర్సు. అందరూ సిస్టరమ్మ అనేవాళ్లు. ఇరవై ఏళ్ల అనుభవం, చర్చిలో పాడే గొంతు, ఎవరికీ భయపడని నోరు. ఫోన్ చేసి, "సార్, నీ మిషను అరకన్ను పంపి నిండుకన్ను అంటాంది. నేను అట్ల చేస్తే ఉద్యోగం ఉంటాదా?" అన్నది.

అప్పుడే గార్లదిన్నె సెంటర్లో డేటా ఎంట్రీ చేసే అమ్మాయిని నాకు సాయంగా పంపినారు. ఆమెది గార్లదిన్నె పక్కనే ఒక పల్లె. అమ్మానాయన కూలికి పోయేవాళ్లు. అనంతపురంలోనే ఇంజనీరింగ్ చదివి, వేరే ఊరికి పోవడం ఇష్టంలేక ఆ చిన్న ఉద్యోగంలో చేరింది. మొదటిరోజు మధ్యాహ్నం నా కోడు చదవడానికి ఇచ్చి నేను భోజనానికి పోయినాను. తిరిగొచ్చేసరికి కాగితం మీద మూడు తప్పులు రాసి పెట్టుకుని కూర్చుంది.

"మీ ప్రోగ్రాం అబద్ధం చెప్తాంది సార్," అన్నది.

"ఏం అబద్ధం?"

"ఇక్కడ నుంచి పంపేసినాను అనే దాన్ని అక్కడ చేరిపోయింది అని రాస్తాంది. రెండూ ఒకటి కాదు గదా."

నాకు కోపం రావాల్సింది. రాలేదు, ఎందుకంటే ఆ మాట నేను ముందే విన్నాను. మా నాయనకు తాడిపత్రిలో బట్టల అంగడి. లారీ పార్సిల్ ఆఫీసు మనిషి రసీదు చాపి సంతకం పెట్టమంటే, మూటలు విప్పి లెక్కపెట్టే దాకా నాయన కలం ముట్టేవాడు కాదు. "వాళ్లు పంపింది వాళ్ల మాట. నాకు చేరింది నా మాట," అనేవాడు. అట్లాంటి మనిషి కొడుకును నేను, విప్పని మూటకు సంతకం పెట్టే ప్రోగ్రాం రాసినాను.

ఇద్దరం కూర్చుని మళ్లీ మొదటి నుంచి కట్టినాం. వచ్చే ఫైలుకు ముందు తాత్కాలికంగా ఒక పేరు పెట్టడం. మొత్తం వచ్చినాక రెండువైపులా ఫైలును లెక్కగట్టి, ఆ రెండు లెక్కలు అక్షరం తేడా లేకుండా కుదిరితేనే అసలు పేరు పెట్టడం. మధ్యలో లైను తెగితే ఆగినచోటు నుంచే మళ్లీ మొదలుపెట్టడం. అమ్మాయికి ఒక అలవాటు ఉండేది. ఏదైనా పని అయిందని నేనంటే, నా కంప్యూటరుకున్న నెట్ వైరు మాట కూడా చెప్పకుండా పీకి, "ఇప్పుడు?" అనేది. మొదటి వారం ఆ 'ఇప్పుడు' వింటే ఒళ్లు మండేది. రెండో నెలకు నేనే పీకుకోవడం మొదలుపెట్టినాను. అట్లా లైను తెగినా కోడు తట్టుకుంటుందా అని చూసే చిన్న ప్రోగ్రాం రాయడాన్ని మేం 'పరీక్ష రాయడం' అనేవాళ్లం, అది లేకుండా ఏ మార్పునూ ఆమె ఒప్పుకునేది కాదు. అరకన్నులు ఆగిపోయినాయి. సిస్టరమ్మ ఫోన్ చేసి ఏమీ తిట్టకుండా పెట్టేసిన రోజు మేమిద్దరం మిరపకాయ బజ్జీలు తెప్పించుకుని తిన్నాం.

మా కొట్లాట ఇంకో విషయం మీద వచ్చింది.

దూరంగా ఉన్న కంప్యూటరుకు ఏదైనా పంపేముందు, అవతల ఉన్నది నిజంగా మన కంప్యూటరేనా అని తెలుసుకోవాలి. ప్రతి సర్వరుకూ, అంటే ఫైళ్లు అందుకునే కంప్యూటరుకూ, మన వేలిముద్ర మాదిరి ఒక గుర్తు ఉంటుంది. పొడుగాటి అక్షరాలు, అంకెల వరస. మొదటిసారి దాన్ని సరిచూసి రాసిపెట్టుకుంటే, తర్వాత ఎప్పుడు వేరే గుర్తు కనిపించినా లైబ్రరీ ఆగిపోవాలి. నేను దానికి ఒక మినహాయింపు పెట్టినాను. సెట్టింగుల ఫైల్లో ఒక లైను రాస్తే చాలు, వేలిముద్ర చూడకుండానే పంపేస్తుంది. అవసరానికి పనికొస్తుందని నా వాదన.

"ఏ అవసరం సార్?" అన్నది అమ్మాయి.

"మనం సర్వరు మార్చినప్పుడు. సెంటర్లో పేషెంట్లు కూర్చుని ఉన్నప్పుడు. అన్నిటికీ మొండికేస్తే ఎట్ల?"

"తొందరలో ఉన్నోళ్లే గదా మోసపోయేది. తలుపుకు గడియ పెట్టి, పక్కనే సందు వదిలినట్టుండాది మీరు చేసింది."

నేను పెద్దవాణ్ని, నా లైబ్రరీ, అని ఏదో అన్నాను. వారం రోజులు మా మధ్య పనికి సంబంధించిన మాటలు తప్ప ఇంకేమీ లేవు. పెద్ద డాక్టరమ్మ గమనించి ఇద్దరినీ పిలిపించింది. మేం చెప్పిందంతా వింటూ టీ తాగి, కప్పు కింద పెట్టింది.

"ఆపరేషన్ ముందు పేషెంటు పేరేమి, ఏ కన్ను అని ముగ్గురు మూడుసార్లు అడుగుతాం. పేషెంటు విసుక్కుంటారు. తొందరగా ఉందని ఎప్పుడైనా వదిలేస్తామా?" అన్నది.

"లేదు మేడం."

"అంతే మరి. తీసేయండి."

తీసేస్తానని చెప్పినాను. దాని బదులు, సర్వరు వేలిముద్రను పెద్ద అక్షరాల్లో అచ్చువేసి మూడు సెంటర్లలో కెమెరా పక్కన, అనంతపురంలో మా గదిలో కూడా గోడకు అంటించినాం. అమ్మాయి సంతోషించింది. డాక్టరమ్మ ఇంకో మాట కూడా అన్నది. మన మాదిరి చిన్న ఆసుపత్రులు శానా ఉంటాయి, ఈ లైబ్రరీని ఓపెన్ సోర్స్‌గా అందరికీ ఇచ్చేయండి, ఎవరైనా చూసుకుని, వాడుకుని, బాగుచేసుకోవచ్చు, అని.

నేను సరే అన్నాను గానీ నెలలు గడిపినాను. ఇంకా నునుపు పెట్టాలి, సూచనలు రాయాలి, ఇంకో పరీక్ష చేయాలి, ఇట్ల. అసలు కారణం ఇప్పుడు చెబుతున్నాను. వేలిముద్ర చూడకుండా పంపే ఆ లైను నేను తీయలేదు. దాని పేరు మార్చి, ఎవరూ చూడని ఒక మూలకు జరిపినాను. అమ్మాయి నా మాట నమ్మి మళ్లీ వెతకలేదు. కోడును బయటపెడితే ప్రపంచమంతా చూస్తుంది, ఆమె కూడా చూస్తుంది. అందుకే నునుపు పెడుతూనే ఉన్నాను.

తర్వాత తాడిపత్రిలో షుగరు క్యాంపు వచ్చింది. చుట్టుపక్కల పల్లెల నుంచి, బండల పాలిష్ ఫ్యాక్టరీల నుంచి, సిమెంటు ఫ్యాక్టరీ దగ్గర నుంచి అరవై మందికి పైగా వచ్చి కూర్చున్నారు. పెద్ద డాక్టరమ్మ అనంతపురంలో తన గదిలో స్క్రీను ముందర సిద్ధంగా ఉంది. పది దాటినాక సిస్టరమ్మ ఫోన్.

"సార్, నీ మిషను మొండికేసినాది. ఎర్రగా ఏందో రాస్తాంది. ఒక్క ఫోటో పోలేదు."

"ఏమని రాసింది?"

"వేలిముద్ర కుదరలేదంట. పొద్దున్నే ఏమీ తినకుండా వచ్చినోళ్లు ఉండారు సార్. షుగరోళ్లు. ఎంతసేపని కూర్చోబెట్టేది?"

వెనక జనం గోల వినిపిస్తూంది. డాక్టరమ్మ గది నుంచి కూడా ఇంటర్‌కమ్‌లో, ఏమైందని అడిగినారు. నా పక్క కుర్చీలో గార్లదిన్నె అమ్మాయి ఏదో పనిలో ఉంది. నేను గొంతు తగ్గించి, ఫోన్‌ను చేత్తో కప్పుకుని, "సిస్టరమ్మా, నేను చెప్పినట్టు చెయ్యి. సెట్టింగుల ఫైలు తెరువు. ఆఖర్లో ఒక లైను రాయాల," అన్నాను.

పక్కన టైపు చేస్తున్న శబ్దం ఆగిపోయింది.

తలతిప్పి చూసినాను. అమ్మాయి నా వైపే చూస్తూంది. కోపం ఏమీ లేదు ఆ ముఖంలో. ఉంటే బాగుండేది.

"తీసేసినామనుకున్నా సార్," అన్నది.

నాకు అరవై ఏళ్లు దగ్గర పడుతున్నాయి అప్పటికి. ముగ్గురు మేనేజర్ల చేత తిట్లు తిన్నాను, ఒకసారి సర్వరు మీద కాఫీ ఒలకబోసినాను. ఇంత సిగ్గు ఎప్పుడూ పడలేదు.

"తియ్యలేదమ్మా," అన్నాను. తర్వాత ఫోన్లో, "సిస్టరమ్మా, ఏమీ రాయొద్దు. ఫైలు మూసెయ్. ఎర్రగా వచ్చిన దాంట్లో వేలిముద్ర ఉంటుంది, అది చదువు. తినకుండా వచ్చినోళ్లకు ముందు బిస్కెట్లు, మజ్జిగ ఇప్పించు. ఫోటోకు పరగడుపున ఉండాల్సిన పనిలేదు."

అమ్మాయి కుర్చీ దగ్గరకు జరుపుకుని, మా గోడకున్న కాగితం పీకి తెచ్చుకుంది. ఫోన్ స్పీకర్లో పెట్టినాను.

"ఏడు," అన్నది సిస్టరమ్మ. "ఎఫ్. మళ్లా ఎఫ్. సున్నా. బి, బంతిలో బి. డి, డబ్బాలో డి..."

రెండో అక్షరానికే కుదరలేదు. అయినా అమ్మాయి ఆఖరు దాకా చదివించి రాసుకుంది. తర్వాత పక్కగదిలో ఉన్న మా సర్వరు దగ్గరకు పోయి దాని వేలిముద్ర చూసి వచ్చింది. గోడ కాగితం మీద ఉన్నదే, ఏ మార్పూ లేదు.

"మన సర్వరు మన దగ్గరే ఉండాది సార్. మరి తాడిపత్రిలో మన సర్వరును నేనే అని పలుకుతాండేది ఎవురు?"

నేను రాయించబోయిన లైను రాసి ఉంటే, అరవై మంది కళ్లు, పేర్లు, జబ్బులు ఆ ఎవరికో చేరేవి. బట్టలు కుట్టే ఆవిడ నా ముందర నిలబడింది ఒకసారే. ఇప్పుడు అరవై మంది నిలబడాల్సి వచ్చేది.

"సిస్టరమ్మా," అన్నాను, "నిన్నటికి ఇవ్వాల్టికి మీ దగ్గర ఏం మారింది?"

"ఏమీ మారలేదు. అవే కుర్చీలు, అదే కెమెరా." అంటూనే ఆమెకు గుర్తొచ్చింది. "మేడ మీద కంప్యూటర్ కోచింగోళ్లు పొద్దున ఏందో డబ్బా తెచ్చినారు. వాళ్ల లైను పాడయిందని మా గోడలో నుంచి వైరు లాక్కున్నారు. రొంతసేపే అంటే పోనీలే అన్నా."

"ఫోన్ పెట్టకుండా పైకి పో అమ్మా."

మెట్లెక్కే శబ్దం వినిపించింది. ఆమెకు మోకాళ్ల నొప్పులు. ఒక్కో మెట్టుకూ దేవుణ్ని తలుచుకుంటూ ఎక్కుతుంది. పైన పిల్లల మాటలు, ఒక మగ గొంతు. కోచింగ్ మాస్టరు.

"సార్, ఈ డబ్బా ఏంటిది?" అన్నది సిస్టరమ్మ.

"ప్రాక్టీసు మిషను మేడం. పిల్లలకు పాఠం చెప్తాండా. ఈ మిషనును ఎవరు అడిగినా వాళ్ల సర్వరు నేనే అంటాది. ఏ పాస్‌వర్డు కొట్టినా రానిస్తాది. వచ్చిన ఫైళ్లన్నీ ఇదిగో, ఈ గోడ మీద తెరలో చూపిస్తాది."

"ఏం పాఠం సార్ ఇది?"

"ఒక మిషను ఇంకో మిషను మాదిరి నటించి ఎట్ల మోసం చేస్తాదో, దాన్ని ఎట్ల కనిపెట్టాలో, ఆ పాఠం."

సిస్టరమ్మ డబ్బా దగ్గరకు నడిచిన చప్పుడు వినిపించింది.

"పాఠం బాగుండాది సార్," అన్నది. "కింద అరవై మంది పరీక్ష రాస్తాండారు. వైరు పీకుతాండా."

పీకిన శబ్దం మాకు వినిపించింది. అమ్మాయి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. నేనూ ఆపుకోలేకపోయినాను. ఇంటర్‌కమ్‌లో ఏమైందని మళ్లీ అడుగుతున్నారు, మేమిద్దరం జవాబు చెప్పలేక కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వుతున్నాం.

ఆ మాస్టరు మంచివాడు. విషయం తెలిసి పరుగున కిందికి వచ్చి చేతులు పట్టుకున్నాడంట. ప్రాక్టీసు మిషనును బయట లైనుకు తగిలించడం తప్పేనని, ఇంగ ఎప్పుడూ అట్ల చేయనని పిల్లల ముందరే చెప్పినాడు. ఇరవై మంది పిల్లలు కూడా దిగివచ్చి, ముసలోళ్లను చెయ్యిపట్టి కుర్చీల దాకా నడిపించడం, చీటీలు రాయడం మొదలుపెట్టినారు. సిస్టరమ్మ మళ్లీ బటన్ నొక్కింది. వేలిముద్ర కుదిరింది. ఫోటోలు ఒకదాని వెనక ఒకటి రావడం మొదలైనాయి. రెండుసార్లు లైను తెగింది, రెండుసార్లూ ఆగినచోటు నుంచే అందుకుంది.

పదిహేడో ఫోటోనో పద్దెనిమిదో ఫోటోనో తెరిచి పెద్ద డాక్టరమ్మ ఫోన్ అందుకుంది. "సిస్టర్, ఈమెకు పొర ఊడుతోంది. మధ్యభాగం ఇంకా పట్టుకుని ఉంది. బస్సులో వద్దు. తల ఎక్కువ కదలకుండా కూర్చోబెట్టి మన కారులో ఇప్పుడే పంపించు."

ఆమె బండల పాలిష్ ఫ్యాక్టరీలో పనిచేసే మనిషి. కంటి ముందర నల్లచుక్కలు, మెరుపులు కనిపిస్తున్నాయని, రాతిదుమ్ము పడిందేమో అనుకుని క్యాంపుకు వచ్చిందంట. మధ్యాహ్నానికి అనంతపురం చేరింది, మర్నాడు పొద్దున ఆపరేషన్ అయింది. కొన్ని నెలలకు ఆమె మళ్లీ చూపించుకోవడానికి వచ్చినప్పుడు, గుడ్డలో చుట్టి అరచేయంత నల్లరాయి పలక ఒకటి తెచ్చి డాక్టరమ్మ టేబులు మీద పెట్టింది. ముఖం కనిపించేంత నునుపు.

"నేనే పాలిష్ పట్టినా తల్లీ," అన్నది. "చూపు సరిగ్గా లేకుంటే గీత పడతాది. గీత ఉండాదేమో చూడు."

డాక్టరమ్మ కిటికీ వెలుతురుకు అటూ ఇటూ తిప్పి చూసింది. నాకూ, అమ్మాయికీ ఇచ్చింది. మేమూ చూసినాం. ఒక్క గీత లేదు.

క్యాంపు రోజు సాయంత్రానికి తిరిగి వస్తాను. డాక్టరమ్మ మాకు కృతజ్ఞతలు చెప్పింది, మీ లైబ్రరీ ఎంత గట్టిదని మెచ్చుకుంది. అమ్మాయి నా వైపు చూడకుండా నేల చూస్తూ నిలబడింది. ఆమె చెప్పదని నాకు తెలుసు. అందుకే నేనే చెప్పినాను. లైను తీయలేదని, ఇవ్వాళ దాన్ని వాడబోయినానని, అమ్మాయి వల్ల ఆగిపోయినానని. డాక్టరమ్మ కళ్లద్దాలు తీసి తుడుచుకుంది.

"ఇప్పుడు తీస్తారా?" అన్నది.

"తీస్తాను. ఆమె చేతనే తీయిస్తాను."

అమ్మాయే తీసింది. నాలుగు నిమిషాల పని. తర్వాత ఆ వారంలోనే లైబ్రరీని ఓపెన్ సోర్స్‌గా బయటపెట్టినాం. దాచుకునేది ఏమీ లేకపోతే నునుపు పెట్టే పని కూడా తొందరగా అయిపోతుందని నాకు అప్పుడు తెలిసింది. లైబ్రరీతో పాటు పెట్టే సూచనల్లో, వేలిముద్ర చూడకుండా పంపే దారి ఇందులో ఎందుకు లేదో ఒక పేజీ రాసినాను. ఒకప్పుడు ఉండేదని, దాన్ని దాచింది నేనేనని, ఒక క్యాంపు రోజు ఏం జరగబోయిందో అంతా రాసినాను. నలుగురూ నవ్వుతారని భయం ఉండింది. నవ్వితే నవ్వనీ అనుకున్నాను.

మొదటి ఉత్తరం పన్నెండు రోజులకు వచ్చింది. ఎవరో, ఏ దేశమో తెలియదు. మూడో పేజీలో ఒక స్పెల్లింగు తప్పుందని, సరిచేసి పంపినాడు. ఆ ఒక్క అక్షరం కోసం అంత దూరం నుంచి ఒక మనిషి మా పేజీలన్నీ చదివినాడని నేను ఆసుపత్రి అంతా తిరిగి చెప్పినాను. క్యాంటీన్ ఆయనకు రెండుసార్లు చెప్పినానంట. రెండో ఉత్తరంలో నిజమైన తప్పే దొరికింది, ఫైలు పేరు తెలుగులో ఉంటే మా లైబ్రరీ తడబడుతుందని. పట్టుకున్నది తెలుగు రాని మనిషి. అనంతపురంలో కూర్చున్న మాకు తెలుగులో పేరు పెట్టి చూడాలని తోచలేదు.

అన్నిటికంటే సంతోషపెట్టింది ఒక చల్లటి సముద్రం మీద నుంచి వచ్చింది. ఓడ మీద తిరుగుతూ చేపల మీద పరిశోధన చేసేవాళ్లు. అలలకు వాళ్ల లైను మా లైను కంటే అధ్వాన్నంగా తెగుతుందంట. మా లైబ్రరీతో ఒడ్డుకు ఫైళ్లు పంపుకుంటున్నామని, నా పేజీ చదివి తమ ప్రోగ్రాంలో దాచిన అట్లాంటి లైనే ఒకటి ఆ రోజు తీసేసినామని రాసినారు. సిస్టరమ్మకు ఫోన్ చేసి చెప్పినాను.

"మనకు బోరేస్తే దుమ్ము వస్తాది," అన్నది ఆమె. "నీ ప్రోగ్రాం సముద్రం మీద పోతాందా సార్. పోనీ, మనలో ఒకరన్నా తడవాల గదా."

నేను రిటైరై రెండేళ్లయింది. ఇప్పుడు లైబ్రరీ బాధ్యత గార్లదిన్నె అమ్మాయిది. ఎనిమిది దేశాల నుంచి మార్పులు పంపేవాళ్లు ఉన్నారు, ఏది తీసుకోవాలో ఏది వద్దో ఆమె మాటే చివరిమాట. పోయిన నెలలో నాకు పొద్దుపోక పాత కోడు చదువుతూ, లైను తెగినాక మళ్లీ ప్రయత్నించే ముందు ఊరికే కొన్ని సెకన్లు వృథా చేస్తున్నామని కనిపెట్టినాను. రెండు రోజులు కూర్చుని ముచ్చటగా సరిచేసి, అందరి మాదిరిగానే నేనూ పంపినాను. నా పేరు చూసి వెంటనే తీసుకుంటుందని కొంచెం ఆశ కూడా పెట్టుకున్నాను.

మర్నాడు పొద్దున జవాబు వచ్చింది. ఆలోచన బాగుందని మెచ్చుకుంది. కింద ఇంకో రెండు లైన్లు ఉన్నాయి.

"పరీక్ష రాయలేదు సార్. రాసి మళ్లీ పంపండి."

మా ఆవిడ కాఫీ తెచ్చి, ఎందుకు నవ్వుకుంటున్నావని అడిగింది. నా పని వాపసు వచ్చిందన్నాను. ఆమెకు అర్థం కాలేదు. నేను కాఫీ పక్కన పెట్టి, గోడ దగ్గరకు పోయి నెట్ వైరు పీకి, పరీక్ష రాయడం మొదలుపెట్టినాను.